ఎడమచేతి నాడి

ప్రమీల నాడి పోయింది శుక్రవారం పొద్దున, ఎనిమిది గంటలప్పుడు. నాడి పోయిందంటే మనిషి పోయినట్టే లెక్క. కానీ ప్రమీల మంచం మీద కూర్చునే ఉంది. ఎడమచెయ్యి తండ్రి చేతిలో పెట్టి, కుడిచేత్తో ఈగలు తోలుకుంటూ ఉంది.

ఆమె తండ్రి, అంటే నా మామ చెంచురామయ్య, మూడు వేళ్ళు ఆమె మణికట్టు మీద ఆనించి చాలాసేపు కదలకుండా ఉన్నాడు. వేళ్ళు తీసి పంచెకు తుడుచుకుని మళ్ళీ ఆనించాడు. గూడూరు దగ్గర కోట చుట్టుపక్కల పది ఊళ్ళకు ఆయనే వైద్యుడు. నలభై ఏళ్ళుగా నాడి పట్టి చూసి మందిస్తున్నాడు. బతికున్న మనిషి చేతిలో నాడి దొరకకపోవడం ఆయనకు అదే మొదటిసారి.

"ఏం నాయనా, చచ్చిపోయినానా?" అంది ప్రమీల. "చచ్చిపోయుంటే చెప్పు. పొయ్యి మీద పాలు దించేసి పోతా."

ఆయన నవ్వలేదు. నావైపు తిరిగి, "బండి కట్టించు పద్మనాభం. నెల్లూరు పోదాం," అన్నాడు. ఇంగ్లీషు వైద్యం గడప తొక్కనని ఊరందరి ముందూ అనే మనిషి. ఆయన నోట ఆ మాట విన్నాక నాకు భయం పట్టుకుంది.

అప్పటివరకు జరిగింది ఇదీ. రెండేళ్ళ కిందట ఏడో నెలలో మాకు ప్రాణం లేని బిడ్డ పుట్టాడు. ఆ తరవాత ప్రమీల కోలుకోలేదు. తలనొప్పి, ఆయాసం. ఎడమచేత్తో బిందె ఎత్తితే చెయ్యి లాగేది. మామ ప్రతి శుక్రవారం మా ఊరు వచ్చి కూతురి ఎడమచెయ్యి పట్టి చూసేవాడు. నాడి సన్నగా ఉంది, ఒంట్లో రక్తం చాలదు అన్నాడు. ఒకసారి ఊళ్ళోకి వచ్చిపోయే కాంపౌండరు రక్తపోటు చూసే మిషను పట్టుకొచ్చి ఆమె కుడిచేతికి పట్టీ చుట్టబోయాడు. మామ ఆపాడు. "ఆడమనిషికి ఎడమచెయ్యి గదయ్యా చూసేది. నీకా మాత్రం తెలీదా?" అన్నాడు. పెద్దాయన మాట కొట్టెయ్యలేక అతను ఎడమచేతికే చుట్టాడు. తొంభై వచ్చింది. పోటు బాగా తక్కువగా ఉంది, మజ్జిగలో ఉప్పు దండిగా వేసి తాగించండి అన్నాడు. రెండు వైద్యాలూ ఒకే మాట చెప్పాయని మేము తృప్తి పడ్డాం.

ఆ మజ్జిగ కలిపింది నేను. పొద్దున బడికి పోయేముందు ఒక గ్లాసు, సాయంత్రం వచ్చాక ఒక గ్లాసు. వద్దంటే, "సగం మిగిల్చినా ఊరుకోను," అని పిల్లలను గదిమినట్టు గదిమేవాణ్ణి. ఈ శ్రావణంలో ఆమె కాళ్ళు వాచాయి. వారపత్రిక చదువుతూ అక్షరాలు అలుక్కుపోతున్నాయని పక్కన పెట్టేసింది.

ఆ శుక్రవారం సాయంత్రానికే ప్రమీలను నెల్లూరులో ఆసుపత్రిలో చేర్చుకున్నారు. మూడు రోజులు పరీక్షలు చేశారు. రక్తం తీశారు. చేతిలోకి ఏదో మందెక్కించి నడుముకు ఎక్స్‌రే తీశారు. మాకు ఎవరూ ఏమీ చెప్పలేదు. నేనూ మామా ఎదురుగా ఉన్న సత్రంలో దిగి, పొద్దున పది నుంచి పదకొండు దాకా ఆడవాళ్ళ వార్డులోకి మగవాళ్ళను రానిచ్చే ఆ ఒక్క గంట కోసం కాచుకునేవాళ్ళం.

మంగళవారం మేము వెళ్ళేటప్పటికి పక్కమంచం పిచ్చమ్మ మాట్లాడుతూ ఉంది. ఆమెది బుచ్చిరెడ్డిపాలెం. గుండెజబ్బు. ఆమెకు కూడా చప్పిడి కూడే పెడుతున్నారు.

"ఏమ్మే ప్రమీలా, నీ మొగుడొచ్చినాడు. ఈ పొద్దన్నా పంచె మడతలో రొంత ఉప్పు దాచి తెచ్చినాడేమో అడుగు."

"ఆయన తేడక్కా. బడి అయివోరు గదా. రూలు తప్పడు."

"అయివోరైతే ఏం, నాలిక ఉండదా? మా ఊళ్ళో ఎద్దుకు పెట్టే కుడితిలో కూడా ఉప్పేస్తాం. ఈళ్ళు మనల్ని ఎద్దులకన్నా కనాకష్టం చేసినారు."

ప్రమీల నవ్వింది. ముఖం ఉబ్బి ఉండడంతో నవ్వినప్పుడు కళ్ళు మూసుకుపోయాయి. ఎదురుగా నిలబడిన నన్ను పోల్చుకోవడానికి తల కొంచెం పక్కకు వంచింది. అది కొత్త అలవాటు. నేను చూడనట్టే ఊరుకున్నాను.

అప్పుడే డాక్టరు కరుణాకుమారిగారు వచ్చారు. నలభై ఏళ్ళుంటాయి. తెల్లచీర. మెల్లగా మాట్లాడే మనిషి. ముందుగా మామను పలకరించారు.

"పెద్దాయనా, మీరు వైద్యులంట గదా. మీ అమ్మాయి చెప్పింది."

"ఏదో పల్లెటూరి వైద్యం తల్లీ."

"అయితే ఒకసారి నాడి చూడండి."

మామ కండువా సర్దుకుని మంచానికి ఎడమవైపు నడిచాడు.

"అటు కాదు. కుడిచెయ్యి చూడండి," అన్నారామె.

"ఆడోళ్ళకి ఎడమచెయ్యి గదమ్మా." తప్పు చెప్పిన పిల్లవాణ్ణి దిద్దినట్టు, కోపం లేకుండా అన్నాడు.

"తెలుసు పెద్దాయనా. అయినా చూడండి."

ఆయన కదలలేదు. ఆయన గురువు చెప్పింది, ఆ గురువుకు ఆయన గురువు చెప్పింది అదే. మగవాళ్ళకు కుడి, ఆడవాళ్ళకు ఎడమ. నలభై ఏళ్ళలో ఒక్క ఆడమనిషి కుడిచెయ్యి కూడా ఆయన నాడి కోసం పట్టలేదు.

"పట్టవయ్యా," అంది పిచ్చమ్మ. "కుడిచెయ్యి పట్టినంత మాత్రాన నీ కూతురికి మీసాలు మొలస్తాయా ఏంది?"

మామ మంచం చుట్టూ తిరిగి వచ్చి కూతురి కుడిచెయ్యి అందుకున్నాడు. మూడు వేళ్ళు ఆనించాడు. నేను ఆయన ముఖమే చూస్తున్నాను. వెంటనే ఆయన వేళ్ళు పైకి లేచాయి, కాలే గిన్నె తాకినట్టు. మళ్ళీ ఆనించాడు. ఈసారి నొక్కాడు. ఇంకా నొక్కాడు. వేళ్ళ కొసలు తెల్లబడ్డాయి. అంత నొక్కితే ఎవరి నాడైనా అణగాలి. అది అణగలేదు. ఆయన నడిమివేలు దాని దెబ్బకు కదలడం నాకు కనిపించింది.

"ఎట్టుండాది నాయనా? ఈ చేతిలోనన్నా బతికుండానా?"

"ఉండావు తల్లీ," అన్నాడు మామ. చెయ్యిని దుప్పటి మీద పెట్టి, దాని మీద తన చెయ్యి కాసేపు ఉంచాడు.

ప్రమీల నావైపు తిరిగి, "చూసినారా? ఇంత చదువుకున్న డాక్టరమ్మ కూడా నాయన్ని అడిగే చూసింది," అంది. ఆ మాటలో ఉన్న గర్వం నేను మరిచిపోలేదు.

డాక్టరుగారు మమ్మల్నిద్దరినీ తన గదికి పిలిచారు. కిటికీ దగ్గర ఎక్స్‌రే పట్టుకుని చూపించారు. నాకు మబ్బుల్లాంటి తెలుపు తప్ప ఏమీ కనిపించలేదు. ఆమె పెన్సిలుతో చుట్టూ గీసి చూపాక కనిపించింది. కుడివైపున ఒకటి. ఎడమవైపున దానిలో సగం లేదు.

"ఇవి మూత్రపిండాలు. ఎడమది కుంచించుకుపోయింది," అన్నారు. "గుండెనుంచి బయలుదేరే పెద్ద రక్తనాళానికి ఒక జబ్బు ఉంది. ఎక్కువగా వయసులో ఉన్న ఆడపిల్లలకు వస్తుంది. ఎందుకొస్తుందో ఇంకా ఎవరికీ తెలియదు. నాళం గోడ లోపల మందమెక్కి, దానినుంచి చీలే కొమ్మల మొదళ్ళు మూసుకుపోతాయి. ప్రమీలకు ఎడమచేతికి పోయే కొమ్మ మూసుకుపోయింది. అందుకే ఆ చేతిలో నాడి లేదు. ఎడమ మూత్రపిండానికి పోయేది కూడా అట్లాగే సన్నబడింది."

మామ తల ఊపాడు. "తూము పూడింది."

"అవును. తూము పూడితే ఏమవుతుంది?"

"చివరి మడికి నీళ్ళందవు. ఎండిపోతాది."

"ఊరికే ఎండిపోదు పెద్దాయనా. నాకు నీళ్ళు రావడం లేదని గోల చేస్తుంది. ఆ గోలకు ఒంట్లో రక్తపోటు పెరుగుతుంది. కాలువ నిండా నీళ్ళు వదిలినా పూడిన తూములోంచి రావు. కానీ బాగున్న మడి కట్టలు తెగిపోతాయి. ఇప్పుడు ఆమె కుడి మూత్రపిండానికి జరుగుతున్నది అదే. కళ్ళలోకి లైటు వేసి చూశాను. అక్కడ కూడా నాళాలు చిట్లి ఉన్నాయి. చూపు మసకబారింది అందుకే."

"పోటు ఎంతుంది?" అని అడిగాను.

"కుడిచేతికి చూస్తే రెండువందల ముప్ఫై."

గదిలో ఫ్యాను తిరుగుతోంది. కాంపౌండరు చెప్పిన తొంభై నాకు గుర్తొచ్చింది. నేను ఎనిమిదో తరగతికి రక్తప్రసరణ పాఠం చెప్పేవాణ్ణి. గుండెనుంచి రెండు చేతులకూ ఒకే రక్తం పోతుందని నల్లబల్ల మీద బొమ్మ గీసి, ఎర్రసుద్దతో దిద్ది చూపేవాణ్ణి. ఒక చెయ్యి చూసి రెండో చెయ్యి కూడా అంతే అనుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను.

మామ ఎక్స్‌రే వైపే చూస్తున్నాడు.

"తల్లీ, ఒక మాట అడుగుతా. రెండేండ్ల కింద కుడిచెయ్యి చూసుంటే?"

డాక్టరుగారు ఎక్స్‌రేను కవరులో పెట్టారు.

"చూసుంటే తెలిసేది."

"తెలిసుంటే?"

"అప్పటికి కుడి మూత్రపిండం బాగుండి ఉండొచ్చు. ఎడమది తీసేస్తే గోల ఆగేది. ఇప్పుడు కుడిది కూడా సగానికి పైగా చెడింది. రక్తంలో పేరుకోకూడని మలినం ఒకటి మూడింతలు ఉంది. బయటికి పోవలసింది పోవడం లేదు."

"మజ్జిగలో ఉప్పేసి ఇచ్చినాం," అన్నాడు మామ. "రెండేండ్లు. నేనూ తాగించమన్నా."

"కలిపి ఇచ్చింది నేను," అన్నాను.

ఆమె మా ఇద్దరి వైపూ చూశారు. తప్పు ఎవరిదన్నది ఆమె మాట్లాడలేదు. అది మంచితనమో, రోజూ ఇటువంటివి వినే అలవాటో నాకు తెలియలేదు.

"ఆ బిడ్డ పోయినప్పటికే పోటు ఉండి ఉంటుంది," అన్నారు చివరకు. "ఉప్పు వల్ల ఇంకా పెరిగింది. ఇప్పుడు చేయగలిగింది చెబుతాను. ఉప్పు పూర్తిగా మానాలి. పప్పు, మాంసం తగ్గించాలి. పోటు దించడానికి మాత్రలిస్తున్నాను. అవి కూడా ఎక్కువ ఇవ్వలేను. పోటు ఒక్కసారిగా దించితే ఆ మూత్రపిండాలకు అందే కాస్త రక్తమూ అందదు."

"ఏం మాత్రలు తల్లీ?"

"సర్పగంధ వేరు నుంచి తీసినవి."

మామ కుర్చీలో కొంచెం ముందుకు వంగాడు. "సర్పగంధా?"

"అవును."

"అది నా పెట్టెలో ఉండాది. పిచ్చెక్కినోళ్ళకి, నిద్రపట్టనోళ్ళకి ఇస్తా. ఎప్పుడూ ఉండాది."

డాక్టరుగారు తన పని తాను పూర్తిచేయాలన్నట్టు మిగిలింది కూడా చెప్పారు. మందులతోనే ఉంటే ఆరు నెలలు గడవడం కష్టం. ఎడమ మూత్రపిండం తీసేస్తే పోటు దిగవచ్చు. దిగితే, మిగిలిన ఆ సగంతో కొన్నేళ్ళు బతకవచ్చు. దిగకపోవచ్చు కూడా. మూత్రపిండాల పని చేసే యంత్రం పరదేశాల్లో ఉందని ఆమె పుస్తకంలో చదివారు. చూడలేదు. ఆపరేషన్ మద్రాసులో చేయాలి. అక్కడ తనకు పాఠం చెప్పిన సర్జనుకు ఉత్తరం రాశారు. గురువారం సాయంత్రం దాకా ఒక మంచం అట్టేపెడతామని ఆయన తంతి ఇచ్చారు.

"మీ సంతకం కావాలి," అన్నారు నాతో. "దానికన్నా ముందు ఆమె ఒప్పుకోవాలి. ఆమెకు చదువొచ్చు, తెలివుంది. దాచిపెట్టి తీసుకుపోవడం నాకిష్టం లేదు."

బయటికి వచ్చాక మామ వరండా మెట్ల మీద కూర్చున్నాడు. నేనూ పక్కన కూర్చున్నాను. ఎదురుగా చెట్టు కింద ఎవరో చారు అన్నం కలుపుకుని తింటున్నారు. ఆయన తన కుడిచేతి మూడు వేళ్ళు చూసుకుంటున్నాడు.

"పద్మనాభం, పది ఊళ్ళల్లో నా దగ్గరికొచ్చే ఆడోళ్ళు ఎంతమంది ఉంటారు?"

"ఇప్పుడవన్నీ ఎందుకు మామా?"

"వేలమంది ఉంటారు నలభై ఏండ్లల్లో. ఒక్కదానికీ కుడిచెయ్యి చూళ్ళేదు." వేళ్ళు ముడుచుకుని అన్నాడు, "ఆ నాడి ఎట్టుండాదో తెలుసునా? తాడు బిగదీసినట్టుండాది. చిన్నపిల్లోడు పట్టినా తెలుస్తాది. అవతలి చేతిలోనే ఉండాది గదా. జానెడు దూరం."

నేను ఏదో చెప్పాలి. బడిలో తండ్రి పోయిన పిల్లవాడికి కూడా నాలుగు మాటలు చెప్పగలిగేవాణ్ణి. మీది తప్పు కాదు మామా అనాలి. అలా అంటే అబద్ధం. మీది తప్పే అంటే, మరి నాది?

"నేనింక ఎవురి చెయ్యీ పట్టను," అన్నాడు.

"సరే. లోపలికి పోదాం. ప్రమీలకు చెప్పాలి."

"నువ్వు చెప్పు. అయివోరివి. నీకు చెప్పడం తెలుసు."

నేనొక్కణ్ణే వెళ్ళాను. పదకొండు దాటినా వాకిట ఆయమ్మ నన్ను ఆపలేదు. అది చూస్తే నాకు ఇంకా భయమైంది. జాలి పడవలసిన వాళ్ళనే అలా వదులుతారు.

ప్రమీల గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పిచ్చమ్మ నిద్రపోతోంది.

"ఏమన్నది?" అంది.

"ఇంటికి పోయినా ఉప్పు మానాలంది."

"రెండేండ్లు గ్లాసు పట్టుకోని నా వెంట పడినారు. ఇప్పుడు మానాలా? మీకూ మీ వైద్యాలకూ ఒక దండం." నవ్వి, నా ముఖం సరిగ్గా కనిపించక దగ్గరికి రమ్మని చెయ్యి ఊపింది. "ఇంకా?"

ఆపరేషన్ సంగతి చెప్పాను. మద్రాసు అన్నాను. ఎడమ మూత్రపిండం పాడైంది, తీసేస్తే బాగుంటుందని డాక్టరమ్మ ఆశ అన్నాను. గురువారం అన్నాను. ఎందుకు పాడైందో, ఎప్పటినుంచి పాడవుతోందో చెప్పలేదు. ఆరు నెలల మాట చెప్పలేదు.

ఆమె చాలాసేపు చీర అంచు మడతలు పెట్టింది. విప్పింది. నవ్వు పోయింది.

"కడుపు కోస్తారా?"

"నడుము పక్కన."

"బిడ్డ పోయినప్పుడు కూడా కోయాలన్నారు. నాయన వచ్చి నాడి చూసి, వద్దు, అదే బయటపడతాది అన్నాడు. అట్టనే అయింది గదా. నేను బతికినా గదా." నా చెయ్యి పట్టుకుంది. ఆమెది ఎడమచెయ్యి. చల్లగా ఉంది. "నాయన్ని రమ్మనండి. నా నాడి చూసి, 'పో తల్లీ, ఏం కాదు' అని ఆయన అంటే నేను మద్రాసు పోతా. మీరు చెప్పినా పోను. డాక్టరమ్మ చెప్పినా పోను. నాకు కత్తంటే భయం. నాయన చెయ్యి పట్టుకోని చెప్తే భయముండదు."

"ఆయన అలసిపోయి ఉన్నాడు. నేను చెబుతున్నా గదా."

"మీరు చెప్తే పాఠం. నాయన చెప్తే ధైర్యం. రమ్మనండి."

సరే అన్నాను. వరండాలోకి వచ్చాను. మెట్ల మీద మామ లేడు. చెట్టు కింద అన్నం తింటున్న మనిషిని అడిగాను. "ఆ పెద్దాయనా? రైలుటేసనుకి తోవ యాడ అని అడిగి పోయినాడు," అన్నాడు. సత్రానికి పరిగెత్తాను. ఆయన సంచి లేదు. నా బట్టలు మడిచి పెట్టి ఉన్నాయి. స్టేషనుకు పోయేటప్పటికి గూడూరు వైపు పోయే ప్యాసింజరు వెళ్ళి పావుగంట అయిందన్నారు. మళ్ళీ బండి సాయంత్రం దాకా లేదు.

ప్లాట్‌ఫారం మీద కొళాయి దగ్గర ముఖం కడుక్కున్నాను. ఆయన వెంట ఊరికి పోయి బతిమాలి తీసుకురావాలంటే రేపు రాత్రి అవుతుంది. వస్తాడన్న నమ్మకం లేదు. వచ్చినా, ఇక ఎవరి చెయ్యీ పట్టనన్న మనిషి ఏ ముఖంతో కూతురి చెయ్యి పట్టి ఏం కాదని చెబుతాడు? ఆయన ఎందుకు రాలేడో ప్రమీలకు చెప్పాలంటే, ఆ ఎడమచేతి సంగతి చెప్పాలి. చెబితే ఆమెకు ధైర్యమిచ్చే ఆ ఒక్క మనిషీ ఉండడు. చెప్పకపోతే మద్రాసులో మంచం వేరేవాళ్ళకు పోతుంది.

తిరిగి ఆసుపత్రికి నడిచాను. వార్డు కిటికీలోంచి ప్రమీల కనిపించింది. తల దువ్వించుకుని, బొట్టు పెట్టుకుని, కుడిచెయ్యి దుప్పటి మీద చాపి, తలుపు వైపు చూస్తూ కూర్చుని ఉంది.

అప్పుడు మంగళవారం మధ్యాహ్నం మూడు గంటలు. కాగితం మీద నా సంతకం లేదు. మామను వెనక్కి తీసుకురాలేదు. ప్రమీలకు నిజం చెప్పలేదు.